జలియన్‌వాలా బాగ్: జాగా కొన్నవారు, కాపాడినవారు



బడిలో స్వాతంత్ర్యోద్యమం పాఠం చెప్పేటప్పుడు జలియన్‌వాలా బాగ్ దగ్గరికి వచ్చేసరికి తరగతి గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. డయ్యర్ పేరు, తేదీ, తూటాల లెక్క పిల్లలు ఇట్టే ఒప్పజెబుతారు. కాని ఆ తర్వాత ఆ స్థలం ఏమైంది, ఎవరి చేతిలో పడింది, ఎలా నిలిచింది అన్నది పాఠాల్లో అంతగా రాదు. ఈవేళ మీతో ఆ సంగతే ముచ్చటిస్తాను.

ముందు జరిగినదాన్ని క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. బాగ్ అంటే తోట. పేరుకే గాని 1919 నాటికి అక్కడ తోట లేదు. చుట్టూ ఇళ్ల గోడలు, నడుమ ఎగుడుదిగుడు ఖాళీ జాగా, ఒక బావి. ఆ ఏడు ఏప్రిల్ 13న, వైశాఖి పండగ రోజున, జనం అక్కడ సభ జరుపుకుంటున్నారు. రౌలట్ చట్టం మీద, కిచ్లూ, సత్యపాల్ అనే నాయకులను నిర్బంధించడం మీద నిరసన అది. డయ్యర్ ఇరుకు సందు గుండా సిపాయిలను తీసుకువచ్చి, హెచ్చరిక లేకుండా కాల్పులు జరిపించాడు. 50 తుపాకులు, సుమారు 10 నిమిషాలు, 1,650 తూటాలు. చనిపోయినవారు 379 మంది అని సర్కారు లెక్క. వెయ్యి మంది దాకా ఉంటారని కాంగ్రెసు విచారణ సంఘం అంచనా.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ జాగా సర్కారుది కాదు, పలువురు సొంతదారులది. అక్కడ బట్టల బజారు కట్టించి ఆ గుర్తులు చెరిపేయాలన్న ఆలోచన పాలకులకు ఉండేదని చెబుతారు. 1919 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ అమృత్‌సర్‌లోనే జరిగింది. స్మారకం నిర్మించాలన్న మాట అక్కడ గట్టిపడింది. గాంధీజీ చందాలకు పిలుపునిచ్చారు. దేశం నలుమూలల నుంచి డబ్బు వచ్చింది. 1920లో 5 లక్షల 60 వేల రూపాయలకు పైగా చెల్లించి ఆ నేలను కొన్నారు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో మీరే ఊహించుకోండి.

కొన్నంత మాత్రాన సరిపోతుందా? చూసుకునే మనిషి కావాలి కదా! షష్ఠీచరణ్ ముఖర్జీ అని బెంగాలీ డాక్టరు ఒకాయన ఉన్నారు. కాల్పుల రోజున ఆయన ఆ బాగ్‌లోనే ఉండి ప్రాణాలతో బయటపడ్డారు. స్మారకం కోసం పట్టుబట్టినవారు ఆయనే, దాని పాలన భారం మోసినవారూ ఆయనే. ఆయన తర్వాత కొడుకు, ఆపైన మనవడు ఆ బాధ్యత తీసుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో పార్లమెంటు ఒక చట్టం చేసి, దీన్ని జాతీయ స్మారకంగా ఒక ట్రస్టుకు అప్పగించింది. నెహ్రూ, ఆజాద్, కిచ్లూ జీవితకాల ట్రస్టీలు. బెంజమిన్ పోక్ అనే అమెరికన్ వాస్తుశిల్పి రూపకల్పన చేసిన స్మారక స్తంభాన్ని 1961 ఏప్రిల్ 13న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఆవిష్కరించారు. ట్రస్టులో ఎవరుండాలన్నది తర్వాత కూడా చర్చకు వచ్చింది. 2019లో చట్టం సవరించి, కాంగ్రెసు అధ్యక్షుడికి ఉన్న స్థానాన్ని తీసివేసి, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు లేనప్పుడు అతిపెద్ద ప్రతిపక్ష పార్టీ నాయకుడికి చోటు కల్పించారు.

మీరెప్పుడైనా స్వర్ణ దేవాలయానికి వెళితే, అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక. టికెట్టు లేదు. ఆ ఇరుకు సందులోంచే లోపలికి వెళతారు. గోడల మీద తూటాల గుర్తులు చూస్తారు. జనం ప్రాణభయంతో దూకిన బావి చూస్తారు. ఒక్క మనవి: అది ఆటవిడుపు పార్కు కాదు. ఫొటో తీసుకోవడానికి ముందు ఆ గోడ దగ్గర రెండు నిమిషాలు ఊరక నిలబడండి.

2021 ఆగస్టులో మరమ్మతుల తర్వాత దాన్ని తిరిగి తెరిచినప్పుడు పెద్ద వాదమే రేగింది. ఒట్టి గోడలుగా ఉన్న సందులో శిల్పాలు పెట్టారు. బావి చుట్టూ అద్దాలు అమర్చారు. వెలుగునీడల ప్రదర్శన ఏర్పాటు చేశారు. చూడవచ్చేవారికి కథ తెలియాలి, కట్టడం కూలిపోకూడదు అని ఒక పక్షం. నునుపు చేసేకొద్దీ చరిత్ర చెరిగిపోతుందని చరిత్రకారుల పక్షం. రెండు మాటల్లోనూ నిజముంది. అయితే కూలే గోడను నిలబెట్టడం వేరు, దానికి కొత్త ముఖం తొడగడం వేరు. ఆ సందు ఎంత ఇరుకో, ఎంత బోసిగా ఉండేదో తెలిస్తేనే గదా లోపలివారు ఎందుకు తప్పించుకోలేకపోయారో తెలిసేది!

ఇదంతా ఎక్కడో పంజాబు సంగతి అనుకోకండి. హిందూపురం దగ్గర, కర్ణాటక సరిహద్దు లోపల, గౌరిబిదనూరు తాలూకాలో విదురాశ్వత్థం ఉంది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అని దానికి పేరు. అక్కడా మృతుల విషయంలో సర్కారు లెక్క ఒకటి, జనం లెక్క మరొకటి. తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే పల్లెలవి. అక్కడా స్మారకం ఉంది, చూడవచ్చు.

అమృత్‌సర్ జాగాను చందాలిచ్చి కొన్నది మామూలు జనం. మన ఊళ్ల దగ్గరి ఇలాంటి చోట్లకు అంత సొమ్ము అక్కరలేదు. ఏటా ఒకసారి పిల్లలను తీసుకువెళ్లడం, రాతి మీది పేర్లు మాసిపోకుండా చూడడం, పెద్దవాళ్ల నోట విన్నది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టడం, ఇవి చాలు. కన్నడంలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. తల్లిదండ్రులారా, మాస్టార్లారా, వచ్చే ఏప్రిల్‌లోనే మొదలు పెట్టండి.