గ్రామఫోను ప్లేటు – తెలుగు పద్యము

పద్యనాటకములతో మీకు చిరపరిచయము కలదు. రాయబారపు ఘట్టమున నటుడు పద్యము చివర రాగమును సాగదీయుటయు, సభవారు "వన్స్ మోర్" అని కేక వేయుటయు, అతడు మరల మొదటినుండి ఎత్తుకొనుటయు మీ రెరిగినదే. అట్టి పద్యము గ్రామఫోను ప్లేటుపై కెక్కినప్పుడు దానికి కలిగిన లాభనష్టములను గూర్చి ఈ పూట మనవి చేయుదును.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను అమెరికా దేశస్థుడు కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ అను గాయనిచేత పాడించి ప్లేట్లు తీసెను. అప్పటికి మైకు లేదు. పెద్ద బూర యెదుట నిలిచి బిగ్గరగా పాడవలసి యుండెను. పది అంగుళముల ప్లేటున ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషములు. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆమె అంతలో ఇమిడ్చి, తుదిని తన పేరు తానే ఆంగ్లమున చెప్పుకొనెడిది. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారము వెలసెను. 1925 మొదలు మైకుతో ధ్వనిముద్రణము ఆరంభమై, మెల్లగా పలికిన మాటయు ప్లేటున నిలువసాగెను.

మన రంగస్థల గాయకుల పద్యములును ఇట్లే ప్లేట్లకెక్కినవి. నాటకసమాజము అడుగుపెట్టని పల్లెకు సైతము కీలు త్రిప్పెడి పెట్టె పద్యమును మోసికొనిపోయెను. ఇది లాభము. సభ కేకకు బదులుగా అప్పటికప్పుడు పుట్టెడి క్రొత్త సంగతి ప్లేటున లేదు; ఎన్నిమార్లు వేసినను అదియే పాట. ఇది నష్టము.

ప్లేటు రాగమునకు రెక్కలు విరిచినదని కొందరు వాదింతురు. నాకు మాత్రము వేరొకటి తోచుచున్నది. రాగము తగ్గినచోట మాటకు చోటు దొరకినది. ఇందుకు ఘంటసాల వేంకటేశ్వరరావుగారే నిదర్శనము. ఆయన 1922లో కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించి, విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, 1942 ఉద్యమమున చెరసాల చూచి, పిదప మదరాసు చేరెను. కరుణశ్రీగారి పుష్పవిలాపమును ఆయన ప్లేటుపై పాడగా, అక్షరజ్ఞానము లేనివారికి సైతము పువ్వుల మొర అర్థమాయెను. రాగము భావమును మించలేదు. ప్రతి యక్షరమును స్పష్టముగ వినబడెను.

కాలము చాలక ఆయన అట్లు పాడెనని అందురా? దీర్ఘకాలము మ్రోగెడి ప్లేట్లు వచ్చిన తరువాత, జీవితపు తుది దినములలో ఆయన భగవద్గీతను పాడెను. అందును రాగమును పెంచక, శ్లోకమునకు తెలుగు తాత్పర్యమును జోడించెను. 1974 ఫిబ్రవరి 11న ఆయన పరమపదించెను. ఆ గళము నేటికిని ఊరూర వినబడుచునే యున్నది.

తుదకు ఒక్క విన్నపము. ఆ పాత ప్లేట్లు లక్కతో చేసినవి. ఎండకు వంగును, జారిన పగులును. మీ యింటి అటకపై అట్టివి యున్నయెడల పాతసామానువానికి వేయకుడు. పొడిచోట, నీడలో, నిలువుగా పేర్చి యుంచుడు. వానిని ధ్వనిముద్రణ మెరిగినవారిచేత క్రొత్త సాధనములలోనికి ఎక్కింపుడు. పేరుపొందిన గాయకుల పాటలను కాపాడువారు పలువురు గలరు. పేరు మరుగుపడిన నటుని పద్యమునకు మీ యింటిలోని ప్లేటే కడపటి ఆధారము కావచ్చును.