సైకోబయోటిక్‌లు

తగిన మోతాదులో సేవించినపుడు కుంగుబాటు వంటి మానసిక వ్యాధులు గలవారికి మేలు చేయగల సజీవ సూక్ష్మజీవులను సైకోబయోటిక్‌లు అంటారు. టెడ్ డైనన్, కేథరిన్ స్టాంటన్, జాన్ క్రయన్ అను ఐర్లాండు శాస్త్రవేత్తలు 2013లో ఈ పదాన్ని ప్రవేశపెట్టారు.

ఈ భావనకు బలమిచ్చినవి చిట్టెలుకలపై జరిగిన ప్రయోగాలు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో లాక్టోబాసిల్లస్ వర్గపు జెబి-1 బాక్టీరియాను తినిపించిన చిట్టెలుకలలో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ప్రేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిని ఖండించినపుడు మాత్రం ఆ ఫలితం కనిపించలేదు. ప్రేగులలోని సమాచారం మెదడుకు ఆ నాడి ద్వారా చేరుతున్నదనడానికి ఇది చక్కని నిదర్శనం. అయితే అదే బాక్టీరియాను 29 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూడగా (2017), ఔషధగుణం లేని ఉత్తుత్తి మాత్రకంటే అధిక ప్రయోజనమేదీ చేకూరలేదు.

శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం జీర్ణనాళంలోనే తయారవుతుంది. కనుక ప్రేగులు బాగుపడితే దిగులు పోతుందని కొందరు చెబుతుంటారు. ఇది తొందరపాటు, ఆ సెరటోనిన్ రక్తం నుండి మెదడులోనికి ప్రవేశించలేదు.

లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు 2023లో ప్రకటించిన ప్రాథమిక పరిశోధన కొంత ఆశాజనకమైనది. కుంగుబాటుకు మందులు వాడుతున్నా పూర్తిగా కోలుకోని 49 మంది ఇందులో పాల్గొన్నారు. 8 వారాల తరువాత బాక్టీరియా తీసుకొన్నవారిలో వ్యాధి లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. ఇక్కడ బాక్టీరియాను మందులకు తోడుగా ఇచ్చారే గాని, మందులకు బదులుగా కాదు.