కుళాయి దాటాకే వార్డు

చెప్పులు బయటే విడవండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఊరి ఎస్‌ఎన్‌సీయూకి (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స వార్డుకి) వెళ్లినా ముందు కుళాయి దగ్గర ఆగాల్సిందే. ఉంగరం, వాచీ, చేతికి కట్టిన దారం తీసేయండి. చొక్కా చేతులు మోచేతి పైకి మడవండి. సబ్బు నురగ వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి, బొటనవేలి చుట్టూ పోవాలి. కడిగాక కుళాయిని వేళ్లతో కాదు, మోచేత్తో కట్టేయండి.

పక్కనే ఒక బాలింత చేతులు కడిగి, అలవాటు కొద్దీ కొంగుతో తుడుచుకోబోతుంది. "కొంగు ముట్టకమ్మా, మళ్ల కడుక్కోవాలె" అని సిస్టర్ ఆపుతుంది. ఆ తల్లి ఇంకోసారి సబ్బు రాసుకుంటుంది. తలుపు అవతల అత్తగారి బతిమాలాట: "ఒక్కపారి మనవణ్ని జూసొస్త సిస్టరమ్మా!"

లోపల వార్మర్ కింద పన్నెండు వందల గ్రాముల పసివాడు. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ఆ చర్మం సూక్ష్మజీవులను ఆపలేదు. చేతికి కాన్యులా ఉంది. మందు ఎక్కించే ముందు సిస్టర్ దాని మూతిని స్పిరిట్ దూదితో రుద్ది, ఆరేదాకా ఆగుతుంది. ఆ కొద్ది క్షణాలు ఆగడమే కష్టం. పక్క వార్మర్ మీద అలారం మోగుతూనే ఉంటుంది. అక్కడికి వెళ్లేలోపు మళ్లీ చేతులకు శానిటైజర్, 20 నుంచి 30 సెకన్లు. ఒక్క నర్సు చేతికి పిల్లలు ఎక్కువైతే ముందుగా కోతపడేది ఈ సెకన్లకే. నర్సుల కొరతను నేను ఇన్ఫెక్షన్ కారణాల్లోనే లెక్కేస్తాను.

క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియాలు వార్డులో పాతుకుపోతే చాలా యాంటీబయాటిక్‌లకు లొంగవు. రానివ్వకపోవడమే మేలైన వైద్యం.

తల్లి వచ్చింది. పిండిన ముర్రుపాలను ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పడుతున్నారు. ఆ తర్వాత బిడ్డను ఆమె గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెడతారు. పుట్టిన వెంటనే ఇలా చేస్తే తక్కువ బరువు శిశువుల మరణాలు నాలుగో వంతు తగ్గాయని భారత్ సహా ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనం 2021లో తేల్చింది. సెప్సిస్ అనుమానిత కేసులూ తగ్గాయి. తల్లిని సందర్శకురాలిగా చూసే వార్డు బిడ్డకు రావాల్సిన మందును గుమ్మం బయట నిలబెట్టినట్టే.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు వైద్య కళాశాలలూ వచ్చాయి. ఇక అడగాల్సినవి చిన్నవే: ఆగని నీళ్లు, అయిపోని సబ్బు, రాత్రి డ్యూటీకి సరిపడా నర్సులు. అధికారులారా, ముందు ఈ మూడూ ఇవ్వండి. చుట్టాలారా, లోపలికి పంపలేదని సిస్టర్‌తో గొడవపడకండి. తల్లిని మాత్రం తప్పక పంపించమని అడగండి.