ఈల పట్టిన మాస్టార్లు

1907లో బ్రౌన్‌సీ దీవిలో 20 మంది బాలురతో బేడెన్ పావెల్ నడిపిన శిబిరం స్కౌటు ఉద్యమానికి నాంది. 1909లో బెంగళూరు ద్వారా మన దేశానికి వచ్చినా, మొదట్లో భారతీయ బాలురకు అందులో చోటు లేదు. మద్రాసులో అనిబిసెంట్, అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ వేరుగా సంఘాలు పెట్టి మన పిల్లలకు తలుపు తీశారు. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది.

ఆ పెద్దల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఉద్యమాన్ని బడిబడిలో నిలబెట్టింది మాత్రం స్కౌట్ మాస్టార్లు. పాఠం చెప్పినందుకు వారికి జీతం ఉంది, ముడులు నేర్పినందుకు లేదు. చివరి గంట కొట్టాక ఈ పని మొదలయ్యేది. క్యాంపుకు పంపమని తల్లిదండ్రులను ఒప్పించాలి, చందాలు పోగుచేయాలి, రాత్రి డేరాల దగ్గర మేలుకొని ఉండాలి, ఏ పిల్లవాడికి దెబ్బ తగిలినా తామే జవాబు చెప్పాలి. ఆరెనిమిది మంది ఉన్న పెట్రోలును వాళ్ల లీడరే నడపాలన్నది స్కౌటు పద్ధతి. కనుక అన్నం మాడుతున్నా, డేరా వంకరగా లేస్తున్నా మాస్టారు చెయ్యి పెట్టకుండా ఓర్చుకోవాలి. అది అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

భారమంతా ఒక్కరిదే కావడంతో, మాస్టారికి బదిలీ కాగానే ట్రూపు ఆగిపోయిన బళ్లు ఎన్నో. మార్కుల పరుగులో పిల్లల సాయంత్రాలు ట్యూషన్లకే పోయాయి. అయితే స్కౌట్ మాస్టరు ఉపాధ్యాయుడే కానక్కరలేదు. శిక్షణ పొందితే ఇతర పెద్దలూ కావచ్చు. ఈ స్వర్ణోత్సవ వేళ పూర్వ విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు వారానికో సాయంత్రం ఇస్తామంటే, మన మైదానంలో ఈల మళ్లీ మోగుతుంది.