ఎవరి అరవై? ఎవరి యాభై?

పెద్దవాళ్ల దాంపత్యాన్ని వేడుక చేసుకోవడానికి మనకు రెండు లెక్కలున్నాయి. ఒకటి షష్టిపూర్తి, రెండోది పెళ్లిరోజు. పిల్లలు దగ్గరుండి అమ్మానాన్నల చేత మళ్లీ దండలు మార్పించడం రెండింటిలోనూ ఉంది కాబట్టి రెండూ ఒకటేననుకుంటాం. లెక్క ఎవరి దగ్గర మొదలవుతుందో చూస్తే మాత్రం రెండూ వేరు.

షష్టిపూర్తి కాపురం లెక్క కాదు, మగవాడి వయసు లెక్క. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలు తిరిగి, అతను పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వచ్చినప్పుడు చేస్తారు. 1946 ఉగాది తర్వాత వ్యయ నామ సంవత్సరంలో పుట్టినవాడికి 2006లో వ్యయ తిరిగి వచ్చింది. ఉగ్రరథ శాంతి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం, ఇవన్నీ అతని ఆయుష్షు కోసమే. తమిళనాడులోని తిరుక్కడయూర్ ఈ వేడుకలకు పేరుపడింది. మార్కండేయుణ్ణి కాపాడడానికి శివుడు యముణ్ణి అణచిన చోటు అదేనని స్థలపురాణం. మృత్యువును గెలవాల్సింది భర్త. భార్య పక్కన కూర్చుని మళ్లీ తాళి కట్టించుకుంటుంది. ఆమెకు అరవై నిండిన రోజుకు శాంతీ లేదు, పందిరీ లేదు.

1930లో అమల్లోకి వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 14గా పెట్టింది. 1949లో అది 15, 1978లో 18 అయింది. పదిహేనేళ్లకు పెళ్లయిన అమ్మాయి కన్నా భర్త ఎనిమిదేళ్లు పెద్ద అనుకుందాం. అతని అరవైకి ఆమెకు 52, కాపురానికి 37. ఆ 37 ఏ క్రతువు లెక్కలోకీ రాదు. అతను 58కే పోతే, ఆమె చేసిన 35 ఏళ్ల కాపురానికి వేడుకే లేదు.

కార్వేటినగరం ఆలయంలో వేణుగోపాలుడు రుక్మిణీ సత్యభామలతో కొలువున్నాడు. దేవుడి కల్యాణం ఏటేటా కొత్తగా జరుగుతుంది. దేవేరులకు వయసు రాదు. ఆ స్వామి పేరే ముద్రగా సంస్థాన పదకర్త సారంగపాణి పదాలు రాశాడు. వాటిలో ఆడగొంతుకలు వాడుకమాటల్లోనే అలుగుతాయి, నిలదీస్తాయి. అయినా రాసింది మగవాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన ఈ ఊరి ఆడవాళ్లు ఆ కాపురం గురించి ఏమనుకున్నారో ఎవరు రాసిపెట్టారు?

25 ఏళ్లకు వెండి, 50కి బంగారం అనే లెక్క యూరప్ నుంచి మనకు వచ్చింది. పరాయి ఆచారమని దాన్ని తీసిపారెయ్యక్కర్లేదు. పెళ్లిరోజు లెక్క ఇద్దరికీ ఒకేరోజు మొదలవుతుంది. చిక్కల్లా తేదీ దగ్గరే. పాత లగ్నపత్రికల్లో ఉండేది సంవత్సరం పేరూ, మాసమూ, తిథీ. పెళ్లి నమోదును తప్పనిసరి చేసిన రాష్ట్ర చట్టం వచ్చింది 2002లో. పత్రిక కూడా పోయిన ఇళ్లలో తేదీకి సాక్ష్యం ఆమె జ్ఞాపకమే: ఫలానా కరువుకు ముందు ఏడాది, పెద్దవాడు పుట్టడానికి రెండేళ్ల ముందు.

ఇక ఖర్చు. మండపం వద్దు, వంటమనిషి వద్దు, గుళ్లో అర్చన చేయించి ఇంట్లోనే పదిమందికి భోజనం పెడదాం అంటారు. అప్పు చెయ్యకపోవడం మంచిదే. కానీ వంటమనిషికి ఇవ్వని కూలి ఎవరి ఒంట్లోంచి వస్తోంది? ఓళిగలకు పూర్ణం రుబ్బేదీ, వడలకు పప్పు నానబోసేదీ తన యాభయ్యో పెళ్లిరోజున కూడా ఆమే, కాకపోతే కోడలు. మిగిలిన డబ్బును పొదుపంటున్నాం. ఖర్చయిన శ్రమకు మాత్రం పేరు పెట్టలేదు.

తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల నోటివెంటే విని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పోరాటానికి పనికొచ్చిన ఆ పద్ధతి కాపురానికి ఎందుకు పనికిరాదు? దానికయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం. ఆరోజు వంట కొడుకులు చెయ్యాలి. ఆయన పక్కన లేనప్పుడు ఆమెను అడగాలి: పెళ్లికి నిన్నెవరైనా అడిగారా? పుట్టింటికి వెళ్లిపోదామని ఎప్పుడనిపించింది? ఎందుకు ఆగావు? ఆ జవాబులు దండల ఫోటో కింద రాసుకునేవి కాకపోవచ్చు. అయినా ఆ యాభై ఏళ్లు ఆమెవి కూడా అని ఒప్పుకోవడం అక్కడే మొదలవుతుంది. భర్త పోయిన ఆమెకు పెళ్లిరోజు ఎవరూ చెయ్యరు. నోటుపుస్తకం మాత్రం ఆమె దగ్గరికీ వెళ్లగలదు.