ఏసీపీ ప్రద్యుమన్‌ని చంపిందెవరు? 'సీఐడీ' రెండో రాక, తెర వెనుక గొడవ

ఎమ్మెస్ ముగించుకుని 2014లో దుబాయ్ వచ్చిన కొత్తలో నేను సత్వాలో ఉండేవాణ్ణి. బస్ స్టేషన్‌కి దగ్గర్లోనే, దర్జీ షాపుల వెనక సందులో ఒక పాత విల్లా. గదికి ఐదు బెడ్ స్పేసులు. ఇద్దరు జగిత్యాల వాళ్ళు, ఒక భీమవరం కుర్రాడు, ఒక మరాఠీ పెద్దాయన, నేను. పెద్దాయనని అందరం కాకా అనేవాళ్ళం. టీవీ ఆయనది, కాబట్టి రిమోటూ ఆయనదే. వారాంతంలో తెలుగు సినిమా పెట్టమని ఎంత బతిమాలినా లాభం లేదు. ముందు 'సీఐడీ', ఆ తర్వాతే ఏదైనా! మా నలుగురికీ హిందీ అంతో ఇంతో పట్టుబడింది ఆ రకంగానే.

2025 ఏప్రిల్‌లో ఒక రోజు కాకా తన ఊరి నుంచి ఫోన్ చేశాడు. "సాటం సాబ్ పోయారట కదా, ఫోటో పెట్టారు" అన్నాడు. గొంతు బాగాలేదు. గబగబా నెట్‌లో వెతికితే సంగతి తెలిసింది. పోయింది శివాజీ సాటం కాదు, ఆయన వేసిన ఏసీపీ ప్రద్యుమన్ పాత్ర. సోనీ టీవీ వాళ్ళు ఆ పాత్రకి సంతాపం తెలుపుతూ 1998-2025 అని ఏళ్ళు వేసి మరీ ఒక బొమ్మ పెట్టారు. కాకాకి ఆ మాట చెబితే ఊపిరి పీల్చుకున్నాడు గానీ, వెంటనే అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు: "మరి ఆ సంగతి సాటం సాబ్‌కి తెలుసా?"

జవాబు ఏమిటంటే, ఆయన చెప్పినదాన్ని బట్టి, తెలియదు.

ఇరవయ్యేళ్ళ ఉద్యోగం

ఈ సీరియల్ చూడనివాళ్ళ కోసం కాస్త పూర్వకథ. 'సీఐడీ' 1998 జనవరి 21న సోనీలో మొదలైంది. సృష్టికర్త బి.పి. సింగ్, ఆయనతో కలిసి నిర్మించినవారు ప్రదీప్ ఉప్పూర్. సింగ్ గారు అప్పటికే అదే ఛానెల్‌కి 'ఆహట్' అనే దయ్యాల సీరియల్ తీసి ఉన్నారు. కథ ఎప్పుడూ ఒకటే మూస. ఒక శవం, ముంబైలో ఒక పోలీసు బృందం, ల్యాబ్‌లో డాక్టర్ సాళుంకే, చివర్లో హంతకుడికి ఒక చెంపదెబ్బ! మూస అని తెలిసీ చూశాం. మన ముందు తరంవాళ్ళు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని ఎలా చదివారో మేం దీన్ని అలా చూశాం. రాజు లేకుండా యుగంధర్ ఉండడు, దయా లేకుండా ప్రద్యుమన్ ఉండడు.

ముగ్గురు నటుల గురించి చెప్పాలి. శివాజీ సాటం 1950లో పుట్టారు. ఒకప్పుడు సెంట్రల్ బ్యాంక్‌లో ఉద్యోగం చేస్తూనే మరాఠీ నాటకాలు వేసేవారు. తలుపులు బద్దలు కొట్టే దయా పాత్రధారి దయానంద్ శెట్టి అంతకు ముందు డిస్కస్ త్రో క్రీడాకారుడు. ఇక అభిజీత్‌గా వేసిన ఆదిత్య శ్రీవాస్తవని మన రాంగోపాల్ వర్మ 'సత్య'లో చూసే ఉంటారు, ఇన్‌స్పెక్టర్ ఖండీల్కర్ ఆయనే. ఆ సినిమా, ఈ సీరియల్ రెండూ 1998లోనే వచ్చాయి. అన్నట్టు, 2004లో ఈ బృందం 111 నిమిషాల ఎపిసోడ్‌ని మధ్యలో ఎక్కడా కట్ చెప్పకుండా ఒకే షాట్‌లో తీసి లిమ్కా రికార్డులకెక్కింది. సీరియల్ అంటే చుట్టేసే పని అని తీసిపారేసేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి.

2018 అక్టోబర్ 27న అది ఆగిపోయింది. ఛానెల్ వాడిన మాట "విరామం". ఎప్పటిలాగే షూటింగ్ చేసుకుంటుండగా సెట్ మీద నిర్మాత చెబితే తెలిసిందని దయానంద్ శెట్టి అప్పట్లో పత్రికలవాళ్ళకి చెప్పారు. ఇరవయ్యేళ్ళ పాటు చేసిన ఉద్యోగం రెండు షాట్‌ల మధ్య ముగిసింది! రేటింగ్ కొంచెం తగ్గిన మాట నిజమే అయినా అసలు గొడవ ఛానెల్‌కీ నిర్మాతకీ మధ్య ఉందని, ప్రసార సమయాన్ని పదే పదే వెనక్కి జరపడంతో దెబ్బ తిన్నామని సాటం గారు తర్వాత ఇంటర్వ్యూలలో అన్నారు.

ఈ రేటింగుల సంగతి మనబోటి ప్రవాసులకి తెలియాల్సిన విషయం. ఇండియాలో 2015 నుంచి బార్క్ అనే సంస్థ ఎంపిక చేసిన ఇళ్ళలో మీటర్లు పెట్టి, ఎవరు ఏం చూస్తున్నారో లెక్క తీస్తోంది. ఆ ఇళ్ళన్నీ ఇండియాలోవే. సత్వాలో ఐదుగురం ఒక మంచం మీద సర్దుకు కూర్చుని చూసినా, అమెరికాలో సబ్‌స్క్రిప్షన్ కట్టి చూసినా ఆ లెక్కలో మనం సున్నా. సీరియల్ బతకాలా వద్దా అన్న ఓటింగులో మన పేర్లు జాబితాలో లేవన్నమాట. అయితే ఆగిపోయిన ఆరేళ్ళలో పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో తెగ తిరిగాయి. "కుఛ్ తో గడ్‌బడ్ హై" అంటూ చెయ్యి తిప్పే సాటం బొమ్మ లేని వాట్సాప్ గ్రూపు ఉందా? ఈ రెండో లెక్కలో మనమూ ఉన్నాం. సీరియల్ మళ్ళీ రావడానికి అదే పెద్ద కారణమని నా నమ్మకం.

మళ్ళీ వచ్చారు... చంపేశారు

2024 డిసెంబర్ 21న రెండో సీజన్ మొదలైంది. పాత ముగ్గురూ వచ్చారు, డాక్టర్ సాళుంకేగా నరేంద్ర గుప్తా వచ్చారు. ఫ్రెడరిక్స్‌గా నవ్వించిన దినేశ్ ఫడ్నిస్ రాలేదు, ఆయన 2023 డిసెంబర్‌లో కన్నుమూశారు. నిర్మాతల్లో ప్రదీప్ ఉప్పూర్ కూడా అదే ఏడాది మార్చిలో పోయారు. మొదటి ప్రచార చిత్రంలోనే అభిజీత్ చేత దయాని కాల్పించి సంచలనం చేశారు. 2025 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లోకి కూడా ఎక్కించారు.

ఏప్రిల్ మొదటి వారాంతంలో, బార్బోజా అనే పాత పగవాడు పెట్టిన బాంబు పేలి ప్రద్యుమన్ చనిపోయినట్టు చూపించారు. బార్బోజాగా వేసింది దర్శకుడు తిగ్‌మాంశు ధూలియా. ఆ వెంటనే సంతాపం బొమ్మ, దాని కింద అభిమానుల శాపనార్థాలు. అప్పుడు సాటం గారిని ఒక పత్రిక అడిగితే ఆయన చెప్పిన సారాంశం ఇది: నేను కొంతకాలం సెలవు తీసుకున్నాను, ముందు కథ ఏమిటో తీసేవాళ్ళకి తెలుసు, నా ట్రాక్ ముగిసిందంటే అభ్యంతరం లేదు, కానీ ముగిసిందో లేదో నాకెవరూ చెప్పలేదు.

కోపం లేదు, నింద లేదు. డెబ్భై ఐదేళ్ళకి చేరువైన మనిషి, ఇరవయ్యేడేళ్ళ క్రితం మొదలుపెట్టిన పాత్ర గురించి అన్న మాటలివి. అందుకే ఇంకా గట్టిగా తగిలాయి.

ఇక్కడ ఒక సొంత గోల. నా మొదటి కంపెనీలో ఒక ప్రాజెక్టు నుంచి నన్ను తప్పించిన సంగతి మేనేజర్ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే లాగిన్ కొడితే పాస్‌వర్డ్ తీసుకోలేదు. హెల్ప్‌డెస్క్ కుర్రాడు చెప్పాడు, పాపం వాడే ఇబ్బంది పడుతూ. వీసా కంపెనీ చేతిలో ఉన్న ఊళ్ళో అలాంటి ఉదయం ఎలా గడుస్తుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. తీసెయ్యడం వాళ్ళ హక్కు, ఒప్పందంలో రాసే ఉంది. ముందుగా ఒక మాట చెప్పాలని మాత్రం ఎక్కడా రాసిలేదు.

సీరియల్ ఒప్పందాల సూత్రం కూడా ఇంచుమించు ఇదే. పాత్ర పేరు, కథ, పాత్ర నోట్లోని మాటలు తీసేవాళ్ళవి, ప్రసారం చేసేవాళ్ళవి. మొహం మాత్రం నటుడిది. రెండేళ్ళ సీరియల్‌లో ఈ విభజన ఎవరికీ గుర్తురాదు. రెండు దశాబ్దాలు గడిచాక ఆ మొహాన్ని పాత్ర నుంచి వేరు చేసే కత్తెర ఎవరి దగ్గరా ఉండదు. పాత సీరియల్‌ని మళ్ళీ తెచ్చేవాళ్ళ చిక్కంతా ఇక్కడే. జనం వచ్చేది పాత మొహాల కోసం, ఛానెల్‌కి కావలసింది కొత్త వయసు ప్రేక్షకులు. అందుకే కొత్త ఏసీపీగా పార్థ్ సమ్థాన్‌ని తెచ్చారు. 'కైసీ యే యారియాఁ', 2018 నాటి 'కసౌటీ జిందగీ కే'లతో యువతలో పేరున్న నటుడు. తను వేస్తున్నది ఏసీపీ ఆయుష్మాన్ అనే వేరే పాత్ర అని, ప్రద్యుమన్ స్థానం తనది కాదని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ అబ్బాయి మీద నాకు జాలే కలిగింది. పిలిచి కుర్చీ వేశారు, కానీ ఆ కుర్చీ కింద ఇంకా సంతాపం పూలు ఉన్నాయి.

హవాయిలో ఇంకో రకం

ఇలాంటి తగాదా మనకే ప్రత్యేకం కాదు. 1968 నుంచి 1980 దాకా నడిచిన అమెరికన్ పోలీసు సీరియల్ 'హవాయి ఫైవ్-ఓ'ని సీబీఎస్ 2010లో మళ్ళీ తెచ్చింది. నలుగురు ముఖ్య నటుల్లో అలెక్స్ ఓ'లాఫ్లిన్, స్కాట్ కాన్ తెల్లవాళ్ళు. డానియల్ డే కిమ్, గ్రేస్ పార్క్ కొరియన్ మూలాలవాళ్ళు. 2017లో ఎనిమిదో సీజన్‌కి ముందు కిమ్, పార్క్ ఇద్దరూ వెళ్ళిపోయారు. తోటి తెల్ల నటులతో సమానంగా జీతం అడిగారని, ఛానెల్ అంతవరకు రాలేదని అప్పుడు పత్రికలు రాశాయి. కొత్త ఒప్పందం షరతుల మీద అంగీకారం కుదరలేదని కిమ్ స్వయంగా ప్రకటించారు. పెద్ద పెంపే ఇవ్వజూపామని సీబీఎస్ అంది. పార్క్ మాత్రం తన నిర్ణయానికి కారణాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయని తర్వాత చెప్పారు. ఆ ఇద్దరూ లేకుండానే అది 2020 దాకా నడిచింది.

ఒకే డెస్కు, ఒకే పని, పాస్‌పోర్టుని బట్టి జీతం అనే మాట దుబాయ్‌లో ప్రతి కెఫెటీరియా బల్ల మీదా వినిపించేదే కాబట్టి ఈ ఉదంతం గురించి ఇంతకన్నా విడమరచను. ఒక్క తేడా గమనించండి. కిమ్‌కి బేరం ఆడే అవకాశం ఉంది, కాదని లేచి వెళ్ళే అవకాశం ఉంది. సాటం గారి దాకా బేరమే రాలేదు.

మళ్ళీ బతికారు

డిటెక్టివ్‌ని చంపి బతికించడం పాత విద్యే. షెర్లాక్ హోమ్స్‌ని 1893లో జలపాతంలో పడేసిన కానన్ డాయిల్, 1903లో వెనక్కి తెచ్చారు. మధ్యలో పదేళ్ళు. ఇక్కడ వారాలే! ఏప్రిల్ ముగిసేలోపే సాటం తిరిగి వస్తున్నారన్న వార్తలు మొదలయ్యాయి, ఆ తర్వాత ప్రద్యుమన్ తెర మీదకి వచ్చేశారు. కొద్ది వారాలకే పార్థ్ సమ్థాన్ తప్పుకున్నారు.

ఇదంతా ముందే వేసుకున్న పథకమని, రేటింగ్ కోసం ఆడిన నాటకమని అనేవాళ్ళున్నారు. జనం ఒత్తిడికి తలొగ్గారని అనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా ఒకటే. నాటకమైతే ఆ ముక్క అందులో ప్రధాన పాత్రధారికి చెప్పలేదు. తలొగ్గడమైతే మొదట తీసేటప్పుడూ చెప్పలేదు.

సాటం వెనక్కి వచ్చారని నేనే కాకాకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సంబరపడతాడనుకున్నాను. "వచ్చాడా, మంచిది" అని కాసేపు ఆగి, "ఈసారైనా ఆయనతో చెప్పి పిలిచారా?" అన్నాడు. తర్వాత భీమవరం కుర్రాడి పెళ్ళి గురించి, సత్వాలో మా పాత విల్లా ఇంకా ఉందా లేదా అన్నదాని గురించి అడిగాడు.