పనియు పాటయు

వరంగల్లు కొత్తవాడ సందులలో ప్రాతఃకాలమున నడచువారికి ముందుగా వినవచ్చునది మగ్గపు చప్పుడు. దానిని అంటిపెట్టుకొని వచ్చునది రేడియో పాట. గుంటమగ్గమున కూర్చుండి జంపఖానా నేయు నేతగాడు కాలితో తొక్కి, నాడెను విసరి, పలకను లాగి కొట్టెడి ఆ మూడు క్రియలును గంటల తరబడి ఒకే వరుసలో తిరుగుచుండగా, చేయి తడబడకుండుటకును మనస్సు విసుగు చెందకుండుటకును గోడమేకునకు వ్రేలాడు చిన్నపెట్టె ఒకటి పాడుచుండును. ‘పనీపాటా’ అను జంటమాటను మనము దినమునకు పదిమార్లు పలుకుదుము. అందలి రెండవ మాట పాటుపడుటలోని పాటే కావచ్చును గాని, జనుల చెవికి అది గానముగానే వినబడుచున్నదని నా నమ్మకము.

ఈ అలవాటునకు మూలము రేడియో కాదు. ఓరుగల్లు సీమలోని పాలకుర్తికి చెందిన సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములను, ప్రభాతపదములను, గొబ్బిపదములను, వెన్నెలపదములను పేర్కొనుటను బట్టి, కాకతీయుల నాటికే ప్రజల నిత్యజీవనము పాటతో ఎంతగా పెనవేసికొనియుండెనో తెలియుచున్నది. ఈ సీమవారే అయిన బిరుదురాజు రామరాజుగారు అట్టి పల్లెపాటల పరంపరను శ్రద్ధతో పరిశోధించి, 1958లో వెలువడిన తెలుగు జానపద గేయ సాహిత్యమున శాస్త్రీయముగా విచారించిరి. వడ్లు దంచునప్పటి పాటను చూడుడు: రోకలి పడినచోటనే తాళము పడును, దంచెడి యువతి ఊపిరి ఎక్కడ తీయవలెనో అక్కడనే చరణము విరుగును. పాడువారును పనిచేయువారును ఒక్కరే. పాట పనిలోనుండి మొలచినదే గాని బయటినుండి తెచ్చి తగిలించినది కాదు.

యంత్రయుగమున ఆ బంధము తెగినది. యంత్రపు రొద కూలివాని గొంతును మ్రింగివేయగా, అతనికి బదులు పాడుటకు వేరొకరు కావలసివచ్చెను. చేసినపనినే మరల మరల చేయువారి విసుగును గూర్చి ఇంగ్లండులో వ్యాట్, లాంగ్డన్ అను పరిశోధకులు 1937లో ప్రకటించిన గ్రంథమున, సంగీతము వలన పని సాగుబడి పెరుగుట నిరూపితమయ్యెను. యుద్ధము ముదిరిన 1940 జూన్ 23న బి.బి.సి. వారు కర్మాగారముల కొరకు ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ అను కార్యక్రమమును ఆరంభించిరి. అందలి పాటల లయ సమముగా నుండవలెను, హఠాత్తుగా మందగింపరాదు. చప్పట్లు చరచుటకు తావిచ్చు ఒక జనప్రియగీతమునకు కార్మికులు పనిముట్లతో తాళము వేయుచు పనినే మరచుచుండుటచే దానిని నిషేధించిరి. పాట చేతిని నడిపింపవలెనే గాని చేతిని లాగికొనరాదని వారు గ్రహించిరి.

మన ప్రాంతమున దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో లీనమయ్యెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చెను. పిదప ట్రాన్సిస్టరు మగ్గపు గదిలోనికి ప్రవేశించెను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీల, అనగా ఈ జంపఖానాల, చారలలో ఎన్ని సినిమాపాటలు నేయబడినవో ఎవరు లెక్కింపగలరు!

అయితే నేతగానికి పనికివచ్చిన పాట విద్యార్థికి పనికివచ్చునా? నేతగాని చేతికి పని కంఠస్థమై యున్నది. ఊరకయున్న మనస్సునకు పాట తోడగును. చదువరి విషయమట్లు కాదు. అతడు పుటలోని మాటలను లోలోపల పలుకుచుండగా, పాటలోని మాటలును ఆ ద్వారముననే దూరవచ్చును. సలామె, బ్యాడ్లీ అను శాస్త్రజ్ఞులు 1989లో ప్రకటించిన పరీక్షలలో, మాటలు లేని వాద్యసంగీతము కంటె సాహిత్యముతో కూడిన పాటయే జ్ఞప్తిని ఎక్కువగా చెరచినది. 1993లో మోజార్టు సంగీతమును గూర్చి వెలువడిన ప్రసిద్ధ పరిశోధన సయితము, చదువుచుండగా వినుటను పరీక్షించినది కాదు; ముందుగా పదినిమిషములు వినిన కళాశాల విద్యార్థులకు ఒకవిధమగు ఆకారజ్ఞాన పరీక్షలో కొద్దిసేపు నిలిచిన లాభమును మాత్రమే చెప్పినది. కావున చదువుకొను పిల్లలకు నేను వేణువునో వీణనో, అదియు మెల్లగా, వినుమని చెప్పుదును.

ఒకనాటి సాయంకాలము కొత్తవాడలో ఒక నేతయింట, మగ్గమునకు మూరెడు దూరమున గోడకు చేరగిలబడి ఒక బాలిక పరీక్షకు చదువుచుండెను. చెవులలో ఏమియు లేదు. తండ్రి నాడె అటునిటు పోవుచుండెను. చప్పుడు ఠక్కున ఆగగానే ఆమె తలయెత్తినది.

“పోగు తెగిందా బాపూ?”

“తెగింది బిడ్డా.”

అతడు పోగును అతికి నాడెను మరల కదలించువరకు ఆమె పుట త్రిప్పలేదు.